వేషమునకు మన్నన, బ్రతుకునకు దండన

పడమటి దేశముల ఫ్యాషను పత్రికలకు కొంతకాలమునుండి ఒక వ్రతము పట్టుబడినది. ఏడాదికి ఒకటి రెండు పర్యాయములు, ముఖపత్రముపై అంతకుముందెన్నడును కానరాని రూపమొకటి నిలుపుదురు. "ఇదియే ప్రథమము" అని చాటుదురు. లోకము మెచ్చుకొనగనే తమ దారిని తాము పోవుదురు. మొదటి నల్లని వనిత, మొదటి ట్రాన్స్‌జెండర్ స్త్రీ, ఒంటరిగా నిలిచిన మొదటి పురుషుడు - ఈ ప్రథమముల పట్టికను మన దేశపు పత్రికలును భక్తితో అప్పగించుచున్నవి. ఇందు సంతోషింపదగినది బొత్తిగా లేదనము. కాని ఈ పట్టిక అంగడివాని చిట్టావంటిదే గాని ధర్మాసనపు తీర్పువంటిది కాదని మా అభిప్రాయము. ముఖపత్రముపై ఎవరు నిలిచిరని అడుగుట సులభము. ఆ సంచిక అంగడినుండి తొలగింపబడిన మరునాడు వారివంటివారు వీధిలో నిర్భయముగ నడువగలిగిరా యని అడుగుట కష్టము. ఈ రెండవ ప్రశ్ననే మేము నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా ముఖపత్రమనగా నేమో తెలియవలెను. వోగ్ పత్రిక 1892లో న్యూయార్కున పుట్టినది. ఆ నగరపు సంపన్న కుటుంబముల విందులు, వస్త్రములు, వినోదములు దాని తొలినాటి విషయములు. 1909లో దానిని కాండే నాస్ట్ అను వ్యాపారి కొనెను. చదువరి యిచ్చు వెలతో గాక, ఆ చదువరికి తమ సరుకు చూపగోరు వర్తకులిచ్చు సొమ్ముతో పత్రికను నడుపవచ్చునని అతడు కనిపెట్టెను. ధనవంతులైన చదువరులను సమకూర్చి వర్తకులకు చూపుటయే ఆ పత్రిక చేయు అసలు వ్యాపారమయ్యెను. నాటినుండి ముఖపత్రము ఆ అంగడికి కట్టిన తోరణము. తోరణపుటాకులు వాడక మునుపే మార్చవలయును. లేనిచో బాటసారి ఆగడు. నూరేండ్లకు పైగా ఈ పత్రికలు స్త్రీకి చేసిన ఉపదేశమొక్కటే: నీవు ఉన్నట్టు లుండుట చాలదు, కొనినచో చాలవచ్చును. ముఖపత్రముపైని రూపము మారినను లోపలి ఉపదేశము మారలేదు.

ఈ తోరణమునకు కొత్త యాకు కట్టుటలో వారు చేసిన జాగెంతయో చూడుడు. 1966 మార్చిలో బ్రిటిషు వోగ్ ముఖపత్రముపై డోన్యేల్ లూనా అను నల్లని వనిత మొదటిసారి నిలిచినది. నిలిచిన దన్నమాటయే గాని, చేతివ్రేళ్లు ముఖమును మరుగుపరుపగా ఒక కన్ను మాత్రమే పాఠకులకు ప్రస్ఫుటముగ గోచరించినది. అమెరికా వోగ్‌పై బెవర్లీ జాన్సన్ ముఖము కనబడుటకు 1974 ఆగస్టు రావలసివచ్చెను. అచట నల్లవారి పౌరహక్కుల చట్టము 1964లోనే వచ్చియున్నది. అనగా శాసనసభ తలుపు తెరచిన పదేండ్లకు ఈ పత్రిక కిటికీ తెరచినది. ఇక కెమెరా పట్టిన చేతి సంగతి చెప్పనేల? అమెరికా వోగ్ ముఖచిత్రమును తీయుట కొక నల్లని ఛాయాగ్రాహకునికి అవకాశము 2018 సెప్టెంబరు సంచికకు గాని దక్కలేదు. అతడు టైలర్ మిచెల్, ఇరువదిమూడేండ్ల యువకుడు. ఆ పత్రికకు అప్పటికి 126 ఏండ్లు. బొమ్మగా నిలుచుటకును బొమ్మను తీయుటకును నడుమ 44 సంవత్సరముల దూరమున్నది. ప్రాతినిధ్యమను మాట వినబడినపుడెల్ల మా పాఠకులు ఈ దూరమును జ్ఞప్తియందుంచుకొన వేడుచున్నాము.

ఇప్పుడు లింగభేదముల విషయమునకు వత్తము. 2017 మార్చిలో పారిసు వోగ్ బ్రెజిలు దేశమునకు చెందిన వాలెంటీనా సంపాయో అను ట్రాన్స్‌జెండర్ వనితను ముఖపత్రముపై నిలిపినది. వోగ్ పత్రికలలో అట్టిది మొదటిది. అది ధైర్యకార్యమే, కాదనము. కాని అదే యేడు ఆగస్టున అమెరికా వోగ్ చేసినదేమి? జీజీ హదీద్, జయన్ మాలిక్ అను ప్రసిద్ధ యువతీయువకుల జంటను ముఖపత్రముపై నిలిపి, వీరిరువురు ఒకరి చొక్కా నొకరు తొడిగికొందురు గనుక స్త్రీపురుష భేదమును దాటిన నవతరమునకు వీరు ప్రతినిధులని వ్రాసినది. ప్రేయసీప్రియులు చొక్కాలు మార్చుకొనుట ఏ ఊరిలో లేదు? తల్లిదండ్రులచే వెళ్లగొట్టబడి, పాఠశాలలో నవ్వులపాలై, ఉద్యోగము దొరకక, ప్రాణములు అరచేతబట్టుకొని తిరుగువారి బ్రతుకును ఒక చొక్కా మార్పిడితో సరిపోల్చిరి. ఆ బ్రతుకు బ్రతుకుచున్నవారు మండిపడిరి. పత్రిక క్షమాపణ చెప్పినది. అయినను తప్పు చిన్నది కాదు. ఆ వ్యాపారపు తత్త్వమంతయు అందే యున్నది. వేదన అక్కరలేదు, దాని రంగు చాలును. గాయము అక్కరలేదు, కట్టుబట్ట అందముగ నున్నచో చాలును.

వర్తకుని ధైర్యము ఎచట పుట్టి ఎచట ముగియునో తెలుపు నిదర్శన మింకొకటి కలదు. స్త్రీల లోదుస్తులమ్ము విక్టోరియాస్ సీక్రెట్ అను అమెరికా సంస్థలో ప్రచారాధికారిగా నుండిన ఎడ్ రాజెక్ 2018 నవంబరులో వోగ్‌తో మాటలాడుచు, తమ ప్రదర్శన ఒక కలవంటిది గనుక అందు ట్రాన్స్‌జెండర్ వనితలకు చోటుండనవసరము లేదని భావము వచ్చునట్లు పలికెను. కలహము రేగగా క్షమాపణ చెప్పెను. 2019 ఆగస్టున ఆ సంస్థయే వాలెంటీనా సంపాయోను పనికి పిలిచినది. ఆ నెలలోనే ఆ అధికారి నిష్క్రమణవార్త వెలువడెను. ఆ యేడు ప్రదర్శనయే ఆగిపోయెను. తిరిగి 2024 అక్టోబరులో జరిగినపుడు ట్రాన్స్‌జెండర్ వనితలు ఆ వేదికపై నడచిరి. నవంబరునకు పనికిరానివారు ఆగస్టునకు ఎట్లు పనికివచ్చిరి? నడుమ మనసులు కరిగినవని నమ్మువారు నమ్మవచ్చును. ఆ సంస్థ అమ్మకములు పడిపోవుచుండిన కాలమది యని మేము జ్ఞాపకము చేయుచున్నాము. లాభమునకై తెరచిన తలుపు నష్టము తోచిననాడు మూయబడును. తలుపు తెరచినందులకు కృతజ్ఞత చెప్పుడు, తప్పులేదు. కాని తాళపుచెవి ఎవరి నడుమున నున్నదో మరువకుడు.

ఇక 2020 డిసెంబరు సంచిక. హ్యారీ స్టైల్స్ అను ఆంగ్ల గాయకుడు నల్లని కోటు క్రింద గూచీవారి లేసు అంచుగల గౌను ధరించి, బెలూను ఊదుచు అమెరికా వోగ్ ముఖపత్రముపై ఒంటరిగా నిలిచెను. పురుషుడొక్కడే ఆ ముఖపత్రముపై నిలుచుట అదియే మొదలు. ఆ చిత్రమును తీసినది పైని చెప్పిన టైలర్ మిచెలే. దేశదేశముల రెండు కేకలు బయలుదేరినవి. పురుషత్వము నశించినదని ఒక కేక. నూతనయుగము ఉదయించినదని మరియొక కేక. మాకు రెండును అతిశయోక్తులుగనే తోచినవి. ఒక గాయకుడు తొడిగిన గౌనుకు కూలిపోవు పురుషత్వమును ఏ గోడయు నిలుపజాలదు. ఒక గౌనుతో ఉదయించు యుగము బట్ట మాసినంతనే అస్తమించును.

ఈ రెండు కేకలకు నడుమ మూడవ గొంతుక యొకటి పలికినది. బిల్లీ పోర్టర్ అను నల్లని నటుడు, స్వలింగప్రేమికుడు, 2019 ఆస్కారు సభకు కోటుతో కలిసిన గౌను ధరించి వచ్చి లోకమును ఆశ్చర్యపరచినవాడు. 2021లో అతడడిగిన ప్రశ్న యేమనగా: దీనికై జీవితమంతయు పోరాడినవాడను నేను, తెల్లవాడును, స్త్రీలను ప్రేమించువాడునైన యువకునికి మాత్రము మొదటి పీట యెట్లు దక్కినది? తరువాత స్టైల్స్ పేరెత్తినందులకు క్షమాపణ చెప్పెను గాని, లోపము వ్యవస్థలో నున్నదను మాటను విడువలేదు. మేము ఆ గాయకుని నిందింపము. తనకు నచ్చినది తొడిగికొనుట అతని స్వేచ్ఛ. కాని పత్రికాధిపతులు ఎన్నుకొనుటలో ఒక లెక్కయున్నది. గౌనును తీసి గూటబెట్టి ఎప్పటివలె ఇంటికి పోగలవాడు వారికి నిరపాయుడు. గౌనులోనే బ్రతుకవలసినవాడు ప్రమాదము. కావున వేషమునకు మన్నన లభించినది. బ్రతుకు వాకిటనే నిలిచిపోయినది.

ఇదంతయు న్యూయార్కు, పారిసుల గొడవ. తెనుగుదేశమున దీని ప్రసక్తి యేల యని కొందరడుగుదురు. ప్రసక్తి రెండు విధముల నున్నది. మొదటిది, ఆ అంగడి మన వాకిటికి వచ్చియున్నది. వోగ్ భారతీయ సంచిక 2007లో మొదలైనపుడు ఆ తొలి ముఖపత్రముపై ప్రియాంకా చోప్రా, బిపాసా బసుల నడుమ ఆస్ట్రేలియా వనిత జెమ్మా వార్డును నిలిపిరి. పదేండ్ల పండుగ సంచికకు, అనగా 2017 మేలో, ముఖపత్రపు గౌరవమును అమెరికా మోడలు కెండాల్ జెన్నరున కొసగిరి. నూరుకోట్లకు మించిన జనముగల దేశపు సౌందర్యమును ఆ దేశపు పేరిట అచ్చైన పత్రికయే నమ్మలేకపోయినది. స్త్రీ యెట్లుండవలెనో, పురుషుడెట్లుండవలెనో, ఈ రెంటను ఇమడనివారికి ఏ నెలలో చోటియ్యవలెనో ఇట్టివారి అనుమతితో మనము నిర్ణయించుకొనవలెనా?

రెండవ ప్రసక్తి ఇంతకన్న గట్టిది. మన సంస్కృతీరక్షకులు పురుషుడు గౌను తొడుగుట పాశ్చాత్యుల రోగమని ఎగతాళి చేయుచున్నారు. వీరు తమ ఇంటి అటుకపైని గ్రంథములను దించి చూచినట్లు తోపదు. విరటుని కొలువున చేలములు ధరించి, జడవేసికొని, ఉత్తరకు నాట్యము నేర్పినవా డెవడు? గాండీవధారియైన అర్జునుడే గదా! తిక్కన సోమయాజి భారతరచనకు పూనుకొని మొట్టమొదట చేపట్టినది ఆ విరాటపర్వమునే. శివుని సగము స్త్రీయని కొలుచు జాతి మనది. కూచిపూడి భాగవతులు తరతరములుగ సత్యభామ వేషము కట్టిరి. ఆ వేషమున పేరుగాంచిన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో పద్మశ్రీ లభించెను. బాపట్లలో పుట్టి తెనాలి రంగస్థలమున వెలిగిన స్థానం నరసింహారావు సత్యభామయై, చింతామణియై, మధురవాణియై ఆంధ్రదేశమును ఉఱ్ఱూతలూగించెను. ఆయన చీర కట్టిన తీరును చూచి ఇల్లాండ్రు నేర్చుకొనిరని నేటికిని పెద్దలు చెప్పుకొందురు. 1956లో ప్రభుత్వము ఆయనకును పద్మశ్రీ నిచ్చెను. న్యూయార్కువారు 2020లో కనిపెట్టిన వింతకు తెనాలివారు అంతకు ఎన్నో దశాబ్దముల మునుపే టిక్కెట్టు కొని చప్పట్లు కొట్టిరి.

ఇంతవరకు చదివి మీసము దువ్వు పాఠకు లుందురు. వారిని కొంచె మాగుమనుచున్నాము. మన గర్వమును ఒక ముఖపత్రమే. స్థానంవారు స్త్రీవేషము కట్టిన కాలమున, సురభివంటి సమాజములను విడిచినచో, కులస్త్రీ రంగమెక్కుట అప్రతిష్ఠ యనబడెను. స్త్రీ రూపమునకు హారతి. స్త్రీకి ప్రవేశము లేదు. ఇక రంగము దిగిన తరువాత కూడ చీరయే కట్టుకొని, స్త్రీగనే బ్రతుకగోరిన హిజ్రాలకు ఆ కాలముననే ఏమి లభించినదో చూతము.

1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసినది. ఆ పేరుగల శాసనమే పిమ్మట ఎరుకల కుటుంబములను స్టూవర్టుపురమున కట్టడి చేసిన కథ తెనుగువారెరిగినదే. ఆ 1871 చట్టపు రెండవ భాగము హిజ్రాల కుద్దేశింపబడినది: వారి పేర్లు పట్టికలో ఎక్కింపవలెను, ఆ పట్టికలో నున్నవారు స్త్రీల దుస్తులతో, నగలతో వీధిలో కనబడినచో శిక్షింపవలెను. దానిని చూచి నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, అట్టి శాసనమే చేసిరి. దాని ప్రకారము పట్టికకెక్కిన హిజ్రా బహిరంగస్థలమున స్త్రీవేషముతో నున్నను, ఆడినను, పాడినను పోలీసులు వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్ల వరకు చెరసాల వేయవచ్చును. ఒక తట్టు తెనాలిలో చీరకు చప్పట్లు. ఇంకొక తట్టు హైదరాబాదులో ఆ చీరకే సంకెలలు. చప్పట్లు పొందిన చీర అర్ధరాత్రికి విప్పబడునది. సంకెలలు పొందిన చీర మరునాటి ఉదయమునను కట్టబడునది. భేదమంతయు ఇంతియే.

1947లో ఆంగ్లేయులు పోయిరి. 1948లో నిజాము ఏలుబడి పోయెను. 1956లో ఆంధ్రప్రదేశమేర్పడెను. 2014లో తెలంగాణము వేరు రాష్ట్రమయ్యెను. ఈ శాసనము మాత్రము పోలేదు. అదే 2014 ఏప్రిలులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించుచు నల్సా తీర్పు చెప్పెను. 2018 సెప్టెంబరు 6న పరస్పర సమ్మతితో వయోజనులు జరుపు స్వలింగ దాంపత్యము నేరము కాదనెను. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్షణచట్టము చేసెను. ఇన్ని జరిగినను, చీరకట్టినందులకు చెర యను ఆ మాట హైదరాబాదు శాసనగ్రంథమున అట్లే యుండెను. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినపుడు గాని అది చావలేదు. హ్యారీ స్టైల్స్ గౌను ముఖపత్రమునకెక్కి అప్పటికి రెండున్నర యేండ్లు దాటినది. ఆ గౌనును మెచ్చి మన నగరముల పత్రికలు వ్రాసినవి; ఆ నగరములలో నొకదానియందు చీరకు శిక్ష యున్నదని వ్రాసినవారెందరు? పడమటి ప్రభుత్వము దండింపుమన్ననాడు దండించితిమి. పడమటి పత్రిక మెచ్చుకొమ్మన్ననాడు మెచ్చుకొంటిమి. దండనలోను మెప్పులోను మన బుద్ధి మనకు లేదా? పరతంత్రత యనగా పరదేశపు జెండా మాత్రమే కాదు. పరుల కన్నుతో మన ఇంటివారిని చూచుటయు పరతంత్రతయే.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. ఏ మారుమూల పల్లెలోనో తాను లోకమున ఒంటరినని కుములుచున్న పిల్లకు, ముఖపత్రముపై తనవంటి ముఖము కనబడుట ప్రాణము పోసినట్లు కాదా? అగును. ఈ మాటను మేము మనఃపూర్వకముగ నంగీకరించుచున్నాము. అచ్చులో తన పోలిక కనబడనివానికి తాను మనుష్యుడనను నమ్మకమే సన్నగిల్లును. 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుషుడు అను రెండు గళ్లను వదలి "ఇతరులు" అను గడిలో వ్రాయబడినవారు దేశమున 4,87,803 మంది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 43,769 మంది. ఒక తాలూకా పట్టణమంత జనము! వీరిని మన తెనుగు చలనచిత్రములు దశాబ్దములుగ నవ్వుకొరకే చూపినవి. మన వాడుకలో వీరిని పిలుచు పేర్లు పెక్కు తిట్లుగా మారినవి. ఇట్టిచోట గౌరవముగల చిత్రమొకటి మేలే చేయును. మేము కాదనునది చిత్రమును కాదు. చిత్రముతో ఋణము తీరినదను లెక్కను.

ఋణము తీరుట ఎట్లుండునో చూపుటకు దూరము పోనక్కరలేదు. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ప్రభుత్వోద్యోగమున చేరిరి. 2024 డిసెంబరులో ఆ నగరపు ట్రాఫిక్ పోలీసుశాఖ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను సహాయకులుగ తీసికొన్నది. ఏ కూడళ్లలో వీరు కారుల అద్దములు తట్టి చేయి చాచుదురని జనము విసుగుకొనెనో, అట్టి కూడళ్లలోనే వీరు చేయి చూపగా కారులు ఆగుచున్నవి. ఎవరి తాతల నాటివారిని వారంటు లేక పట్టుకొమ్మని శాసనముండెనో, వారే పోలీసుశాఖ దుస్తులు ధరించి నిలిచిరి. ఈ దుస్తులను ఏ గూచీవారును కుట్టలేదు. ఈ దృశ్యమునకు ఏ ముఖపత్రమును అక్కరలేదు. కాని దీని వెనుక నెల జీతమున్నది, సెలవున్నది, అధికారి సంతకమున్నది. కొలువుల సంఖ్య స్వల్పమే. ఇంతటితో తృప్తిపడుటకు వీలులేదు. అయినను మార్గమిది. వైద్యుని తెల్లకోటు వేయి నిగనిగల కాగితములకన్న విలువగలది, ఏలయన దానిని నెలాఖరున అంగడివాడు మార్చివేయజాలడు.

పత్రికాలోకమునందును నిజమైన మార్పు ముఖపత్రమునుండి రాదు, సంపాదకుని పీఠమునుండి వచ్చును. 2017లో బ్రిటిషు వోగ్ సంపాదకత్వము ఎడ్వర్డ్ ఎనిన్‌ఫుల్ చేతికి వచ్చెను. ఘనాలో పుట్టి లండనున పెరిగిన నల్లవాడు, స్వలింగప్రేమికుడు. ఆ పీఠమునెక్కిన మొదటి పురుషుడు. 2024 వరకు అతడున్న కాలమున ఆ ముఖపత్రములపై కనబడిన ముఖములు మారినవి, ఏలయన ఎన్నుకొను కన్ను ముందే మారినది. మనకును ఇట్టి ఉదాహరణము లేకపోలేదు. 1902లో సత్తిరాజు సీతారామయ్య స్థాపించిన హిందూసుందరి సంపాదకత్వము మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయి గార్ల కప్పగింపబడెను. ఆ పత్రికను మనము నేడు తలచుకొనునది దాని ముఖచిత్రమునకు కాదు, స్త్రీల చేతికి కలమిచ్చినందులకు. అటుపిమ్మట మన వారపత్రికల ముఖపత్రములపై స్త్రీబొమ్మ తప్పనిసరి యైన దశాబ్దములలో, ఆ బొమ్మను నిర్ణయించు పీఠములలో స్త్రీలెందరు కూర్చుండిరో పాఠకులే లెక్కింతురుగాక!

పీఠము మారక బొమ్మ మాత్రమే మారునెడల కథ ఎచటికి పోవునో 2025 ఆగస్టున తేలినది. ఆ నెల అమెరికా వోగ్ సంచికలో గెస్ అను వస్త్రసంస్థ ప్రకటన యొకటి వచ్చెను. అందలి సుందరి ఏ తల్లికిని పుట్టలేదు. కృత్రిమ మేధ గీసిన బొమ్మ. అది ప్రకటనపుటయే గాని ముఖపత్రము కాదు, నిజమే. కాని ఆ దారి ముఖపత్రమునకు ఎంత దూరము? రేపు వర్తకుడు కోరినచో నల్లని వనితను, ట్రాన్స్‌జెండర్ వనితను, వృద్ధురాలిని, వికలాంగురాలిని మీట నొక్కి సృష్టింపవచ్చును. కూలి ఇయ్యనక్కరలేదు, ఎదురు పలుకదు, పోర్టరువలె ప్రశ్న వేయదు. ప్రాతినిధ్యమనగా బొమ్మయే యని యొప్పుకొన్నవారు ఆనాడు ఏ మాటతో అభ్యంతరము చెప్పగలరు? ప్రథమముల పట్టికలో ఆ బొమ్మలకును సంఖ్య వేయుదురా?

కావున తెనుగు పత్రికాధిపతులకు మేము చెప్పునది నాలుగు మాటలు. ఇవి మాకును వర్తించునవియే. హిజ్రాలనుగూర్చి వ్రాయునపుడు ఎగతాళిపేర్లను అచ్చుశాలనుండి బహిష్కరింపుడు. వారు తమ్మెట్లు పిలువుమందురో అట్లు పిలువుడు. వారి బొమ్మ వేసినచో మోడలునకిచ్చు కూలిని వారికిని ఇయ్యుడు. ఉపకారము చేసితిమను బొంకుతో ఉచితముగ తీసికొనకుడు. వారినిగూర్చి వ్రాయించుటతో ఆగక వారిచేత వ్రాయింపుడు - లింగమును గూర్చియే కాదు, పంటలనుగూర్చి, పన్నులనుగూర్చి, చలనచిత్రములనుగూర్చి. వేడుకల నెలలోనే కాక తక్కిన పదునొకండు నెలలలోను వారి పేరు జీతపు పట్టికలో నుండనిండు. ఈ నాలుగింటిలో ఒక్కటైన చేయని పత్రిక ముఖపత్రముపై ఎవరి రూపము నిలిపినను అది తోరణమే.

పాఠకులకును ఒక్క మాట. ముఖపత్రము పాఠకుని యభిరుచికి పట్టిన అద్దమని పత్రికాధిపతులు తప్పించుకొందురు. ఆ మాటను వారికి దక్కనీయకుడు. ఈసారి ఏ పత్రికయైనను "ఇదియే ప్రథమము" అని చాటినపుడు రెండవవారెవరు, మూడవవారెప్పుడు, వారికి ఇల్లు అద్దె కిచ్చినవారెవరు, పని యిచ్చినవారెవరు అని అడుగుడు. అద్దె యిండ్లు మనవి, అంగళ్లు మనవి, పాఠశాలలు మనవి. న్యూయార్కు సంపాదకుడు వీనిని తెరువలేడు, మూయలేడు. చట్టము కొట్టివేయబడినను వాకిలి తెరవని గృహస్థునియందు 1329 ఫసలీ శాసనము ఇంకను బ్రతికియే యున్నది. ముఖపత్రములపైని ప్రథమములను లెక్కించు పనిని వర్తకులకు విడిచిపెట్టుదము. వీధిలో పడు దెబ్బలు ఏనాటికి తుదముట్టునో లెక్కించు పని మనది.